ఒంటికి తగ్గ ఇంటి కుట్టు

కోల్‌కతా సాల్ట్ లేక్ మూడో సెక్టారులో, ఎల్ఏ బ్లాకులో, పదహారో నంబరు వాటర్ ట్యాంకు దగ్గర జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) క్యాంపస్ ఉంది. ఫ్యాషన్ చదువు అనగానే మనకు తళుకులూ ర్యాంపు నడకలూ కళ్లకు కడతాయి గానీ, ఈ సంస్థ ఇటీవల నెత్తికెత్తుకున్న పెద్ద పని మాత్రం మన వీధి దర్జీ రోజూ చేసేదే: మనుషుల కొలతలు తీయడం. ‘ఇండియాసైజ్’ అని పేరు పెట్టి, కోల్‌కతా, హైదరాబాద్, ఢిల్లీ, ముంబై, బెంగళూరు, షిల్లాంగ్ నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల లోపు వాళ్లను పాతిక వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని తలపెట్టారు. ఎందుకంటే మన రెడీమేడ్ కంపెనీలు ఇన్నాళ్లూ అమెరికా, బ్రిటన్ కొలతల పట్టికల్నే అటూ ఇటూ సవరించుకుని నెట్టుకొచ్చాయి. ఫలితం అందరికీ తెలిసిందే. భుజాలకు సరిపోయిన చొక్కా పొట్ట దగ్గర బిగుస్తుంది. పొట్టను చూసుకుని పెద్ద సైజు తీసుకుంటే భుజం జారి చేతి మీదికొస్తుంది. కుర్తీ ఛాతీ దగ్గర బాగుంటే చంక దగ్గర కోస్తుంది. విచిత్రమేమిటంటే, ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడ్డవాళ్లు చొక్కాను తిట్టరు, తమ పొట్టను తిట్టుకుంటారు.

మనకంటూ ఒక పట్టిక వస్తే ఈ బాధ తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోను. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల ఒంటి కొలతలు తీయించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలోంచి పది ముఖ్యమైన కొలతలు తీసుకుని, ఆ పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో లెక్క కట్టాడు. ఒక్కరూ తేలలేదు. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ నిజానికి ఎవరికీ సరిపోనిదని అప్పుడు అర్థమై, సీటునూ పెడళ్లనూ కూర్చున్నవాడికి తగ్గట్టు జరుపుకునేలా మార్చే దారి పట్టారు. బట్టలకూ ఇదే వర్తిస్తుంది. పట్టిక ఎంత నిక్కచ్చిగా ఉన్నా అది ఐదారు సైజులకు కుదించిన జనాభా లెక్క. ఆ లెక్కలో ఒక చేయి కాస్త పొడుగైన మనిషి లేడు, ఒక భుజం కిందికి వాలిన మనిషి లేడు, సిజేరియన్ అయి రెండు నెలలైన తల్లి లేదు. ఇంట్లో కుట్టు మిషన్ ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు జవాబును ఇక్కడి నుంచి వెతకాలంటాను. ‘డబ్బు ఆదా’ అనే పాత జవాబు దగ్గర ఆగిపోవడం వల్లే ఇంటి కుట్టు మీద మన చర్చ ఎటూ సాగడం లేదు.

ఆ ఆదా సంగతి ముందే ఒప్పేసుకుందాం: ఇవాళ ఇంట్లో కుట్టి డబ్బు మిగిల్చేవాళ్లు బహు తక్కువ. సాల్ట్ లేక్ వాళ్లకు దీనికి రుజువు గంట దూరంలోనే ఉంది. 2025 ఆగస్టులో గ్రీన్ లైన్ మెట్రో పూర్తయ్యాక, కరుణామయిలో రైలెక్కి గంగ కిందుగా వెళ్లి హౌరా మైదాన్‌లో దిగొచ్చు. పక్కనే మంగ్లా హాట్. మంగళవారం సంతగా పేరు పడ్డ ఆ చోట పిల్లల గౌన్లు, ఫ్రాకులు, నిక్కర్లు టోకున ఏ ధరకు పోతాయో చూస్తే, అదే గౌనుకు కావలసిన గుడ్డ చిల్లరగా ఆ ధరకు రాదని తెలుస్తుంది. అక్కడికి చేరే సరుకులో చాలా భాగం మెటియాబ్రుజ్‌ది. 1856లో ఇంగ్లీషు కంపెనీ అవధ్‌ను కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి గంగ ఒడ్డున ఆ పేటలో కొలువు పెట్టాడు. ఆయన వెంట వంటవాళ్లు, గాయకులతో పాటు దర్జీలూ వచ్చారు. నవాబు పోయి నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ పేట కుట్టు మాత్రం ఆగలేదు. అక్కడ ‘ఓస్తాగర్’ అని పిలిచే మేస్త్రీలు గుడ్డను పొరల మీద పొరలుగా పరిచి ఒక్కసారే కత్తిరిస్తారు. కాజాలు ఒకరు, కాలర్లు ఒకరు, దారప్పోగులు తీయడం ఇంకొకరు. ఈ పని విభజన ముందు ఇంటి మిషన్ ఏపాటిది? పక్కనే ఉన్న గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు తరాలుగా చూస్తున్న సంగతే ఇది. కాబట్టి మార్కెట్లో దొరికే వస్తువునే ఇంట్లో మళ్లీ కుట్టాలనుకుంటే ఓటమి ఖాయం. ఇంటి కుట్టు తన చోటు తాను వెతుక్కోవాలి.

ఆ చోటు బెంగాలీ ఇంట్లోనూ తెలుగింట్లోనూ మొదటి నుంచీ ఉన్నదే, వాడేసిన గుడ్డ. కాంథా అంటే ఇవాళ షోరూముల్లో వేలకు వేలు పలికే పట్టుచీర మీది కుట్టు అనుకుంటున్నాం గానీ, అది పుట్టింది పాత చీరలూ ధోవతులూ పొరలుగా పరిచి, ఆ చీర అంచుల్లోంచే లాగిన రంగు దారాలతో సాదా పరుగుకుట్టు వేసే ఇంటిపనిగా. కోల్‌కతా దక్షిణాన జోకాలో గురుసదయ్ దత్ మ్యూజియం ఉంది. బ్రిటిష్ కాలంలో ఐసీఎస్ అధికారిగా ఊళ్లు తిరుగుతూ గురుసదయ్ దత్ పోగుచేసిన జానపద కళా వస్తువులతో అది ఏర్పడింది. అందులో మానదాసుందరి అనే ఆవిడ పందొమ్మిదో శతాబ్దంలో తన తండ్రి కోసం కుట్టిన కాంథా ఒకటి ప్రసిద్ధం. తన చేత్తో కుట్టానన్న మాటను కూడా ఆవిడ సూదితోనే రాసుకుంది. చరిత్రకారులు దాన్ని కళాఖండంగా చదువుతారు, తప్పు లేదు. నాకు మాత్రం అందులో ముఖ్యంగా కనిపించేది గుడ్డను గురించిన తెలివి. వందసార్లు ఉతికిన నూలు గుడ్డలో గంజి ఉండదు, ఊడాల్సిన రంగు ఊడిపోయి ఉంటుంది, పోగులు మెత్తబడి ఉంటాయి, కుంచించుకోవాల్సినంతా కుంచించుకుని ఉంటుంది. విడిగా అయితే చిరిగిపోయే ఆ పలుచని గుడ్డలు పొరలుగా కలిసినప్పుడు దగ్గర దగ్గర కుట్లు వాటి బరువును పంచుకుంటాయి. ఏ ఒక్క పోగు మీదా లాగుడు పడదు. మన బొంత సూత్రమూ ఇదే, పసిబిడ్డ పొత్తిగుడ్డల సూత్రమూ ఇదే. పురిటి బిడ్డకు కొత్తబట్ట వేయొద్దని అటు బెంగాల్లోనూ ఇటు మన దగ్గరా పెద్దవాళ్లు అన్నది దిష్టి భయంతోనే అయితే అయి ఉండవచ్చు. కానీ ముడతలు పడకుండా, మెరుపు పోకుండా రసాయనాలు పూసి వచ్చే నేటి కొత్తబట్టను చూస్తే ఆ నియమం దిష్టి నమ్మని వాళ్లకూ పనికొచ్చేదే. ఏ ఫ్యాక్టరీ కూడా పదేళ్లు కట్టి ఉతికిన చీరను ముడిసరుకుగా కొనలేదు. అది ఇంట్లోనే ఉంటుంది, బీరువా అడుగున.

కాంథాకు 2023లో పద్మశ్రీ కూడా దక్కింది, సోనార్‌పూర్‌కు చెందిన ప్రీతికణా గోస్వామి ద్వారా. సంతోషమే. అయితే ఒక ఇంటిపని కళగా గుర్తింపు పొందగానే దాన్ని మామూలు ఇళ్లు వదిలేస్తాయన్నది కూడా గమనించాల్సిందే. మనం చేసేది అంత అందంగా ఎలాగూ ఉండదనే సంకోచం మొదలవుతుంది. తెలంగాణ తండాల్లో లంబాడీల అద్దాల కుట్టు విషయంలోనూ జరుగుతున్నదిదే. అల్మరాలో కూర్చున్న కుట్టు పేరు తెచ్చిపెడుతుంది, కప్పుకునే కుట్టు కాలు కప్పుతుంది. ఈ రెండోదాని గురించే ఈ వ్యాసం.

ఇక బట్టల సుఖం. ఉప్పునీటి చిత్తడిని గంగ ఒండ్రుతో నింపి, యుగోస్లావియా నుంచి వచ్చిన ఆర్కిటెక్టు తోష్కోవిచ్ గీసిన ప్లానుతో 1960ల్లో లేపిన ఊరు సాల్ట్ లేక్. చెట్లూ పార్కులూ ఎన్ని ఉన్నా వానాకాలంలో గాలిలో తేమ ఎనభై శాతం దాటినప్పుడు ఒంటి మీది బట్టే మనిషికి వాతావరణం. నూలుకు, పాలిస్టరుకు ఉన్న తేడా కొలిచి చెప్పదగ్గదే: ప్రామాణిక పరిస్థితుల్లో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టరు 0.4 శాతం. అంటే చెమట ఆవిరి నూలులోకి వెళుతుంది, పాలిస్టరు కింద ఒంటికే అతుక్కుంటుంది. బాగా తడిసిన నూలు త్వరగా ఆరదు, కాబట్టి పరుగులు తీసేవాళ్లకు పాలిస్టరే మేలు. ఆ మాటా నిజమే. అయితే ఇంట్లో, ఆఫీసులో, మార్కెట్లో గడిచే రోజుకు నూలే నప్పుతుంది. కానీ సుఖం గుడ్డతోనే రాదు, కత్తిరింపుతో కూడా వస్తుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. పాతకాలపు జుబ్బాను విప్పి చూడండి. ముందూ వెనకా దీర్ఘచతురస్రాలు, పక్కల కలీలు, చేతులు కూడా నలుచదరం ముక్కలే. చంక కింద మాత్రం చిన్న చదరపు ముక్క ఒకటి మూలవాటుగా అతికి ఉంటుంది. చేయి పైకెత్తినప్పుడు ఆ ముక్క విచ్చుకుంటుంది, కాబట్టి జుబ్బా నడుం దగ్గర పైకి లాగదు. పైగా అన్నీ గీతల కోతలే కావడంతో గుడ్డ దాదాపు వృథా పోదు. రెడీమేడ్ చొక్కాలో చంకను గుండ్రంగా కోస్తారు, చూపుకు నీటుగా ఉంటుంది, చేయి ఎత్తితే మొత్తం చొక్కా లేస్తుంది. మొదటిసారి మిషన్ మీద కూర్చునేవాళ్లు జాకెట్టుతో మొదలుపెట్టి నిరుత్సాహపడే బదులు ఈ జుబ్బాతో మొదలుపెడితే, చేయి తిరగకముందే ఒక తొడుక్కోదగ్గ బట్ట చేతికొస్తుంది. కోయకముందు గుడ్డను ఒక రాత్రి నానబెట్టి ఆరేయడం మాత్రం మరవకూడదు. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది.

నైటీని గురించి ఇక్కడ ఒక మాట. సాల్ట్ లేక్ బ్లాకు మార్కెట్లో పొద్దున్నే చేపలు కొనే గృహిణికీ, విజయవాడలో వాకిట్లో కూరగాయలు బేరమాడే గృహిణికీ ఉమ్మడి దుస్తు అదే, పైన ఒక చున్నీయో తువ్వాలో వేసుకుంటే వీధిలోకి కూడా చెల్లుతుంది. దాన్ని వెక్కిరిస్తూ వచ్చిన జోకులకు లెక్కలేదు. కానీ ఆడవాళ్లు దాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఆలోచిస్తే జోకు మన మీదే. ఒంటికి బాగా కుదిరేవీ సుఖంగా ఉండేవీ మార్కెట్లో రెండూ కలిసి దొరకనప్పుడు, కుదరడం అనే మాటే వదిలేసి సుఖాన్ని పట్టుకున్నారు. నైటీకి ఛాతీ కొలత లేదు, నడుం కొలత లేదు, అందుకే ఎవరికీ బిగుసుకోదు. దానికి చాలాసార్లు జేబు కూడా ఉండదు, తాళాలూ ఫోనూ చేతిలోనే. ఇంటి కుట్టు చేయగలిగింది సరిగ్గా ఈ ఖాళీలోనే ఉంది: సుఖం పోకుండా కుదురుగా ఉండేది, జేబున్నది. పక్క కుట్టు నాలుగంగుళాలు విప్పి జేబు సంచి అతికించడం కొత్తవాళ్లకు కూడా ఒక పూట పని.

అయితే నా వాదానికి అన్నిటికంటే బలమైన ఆధారం యువత బట్టల్లో లేదు, ముసలివాళ్ల బట్టల్లో ఉంది. పిల్లలు బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోగా పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లకు సాల్ట్ లేక్ పేరు పడింది. హైదరాబాద్, విశాఖ కాలనీలు అదే దారిలో ఉన్నాయి. డెబ్బై దాటిన ఒంటిని మన కొలతల పట్టికలు పెద్దగా పట్టించుకోవు. ఇండియాసైజ్ కూడా 65 దగ్గర ఆగింది. భుజం పట్టేసిన అమ్మమ్మకు జాకెట్టు తొడగడం ఎంత నరకమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. చేయి వెనక్కి రాదు, వేళ్లకు హుక్కు చిక్కదు. ఆ జాకెట్టు చంకను ఒకటిన్నర అంగుళం దించి, చేతులు వదులు చేసి, హుక్కుల పట్టీ స్థానంలో వెల్క్రో కుడితే ఆవిడ ఎవరి సాయం లేకుండా తొడుక్కోగలదు. చూసేవాళ్లకు తేడా తెలియకుండా పైన ఉత్త గుండీలు కుట్టొచ్చు. పక్షవాతం వచ్చిన తాతగారి చొక్కాకు ఒక పక్క కుట్టు మొత్తం విప్పి టిచ్ బటన్లు పెడితే, మంచం మీదే తొడగొచ్చు. డయాలిసిస్‌కు వెళ్లేవారి చొక్కా చేతికి మోచేతి దగ్గర తెరుచుకునే పట్టీ ఉంటే ప్రతిసారీ చొక్కా విప్పక్కర్లేదు. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి దుస్తులు ప్రత్యేకంగా అమ్ముతారు. మన చీర, జాకెట్టు, పంచెలకు తగ్గట్టు పెద్ద ఎత్తున చేసి అమ్మేవాళ్లు కనిపించరు. చేసినా ఈ అమ్మమ్మ భుజం ఎంతవరకు లేస్తుందో వాళ్లకు తెలియదు. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు. కుట్టు నైపుణ్యం అంతంతమాత్రమే అయినా, ఆ తెలియడమే ఇక్కడ పెట్టుబడి.

బొమ్మల సంగతి వేరు. అందులో ప్రేమ ఎంత ఉన్నా జాగ్రత్త లేకపోతే ప్రమాదం. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఢిల్లీ పరిసరాల్లో దిగుమతి బొమ్మల్ని పరీక్షిస్తే మూడింట రెండు వంతులు ప్రమాణాలు దాటలేదు. ఆ తర్వాత 2021 జనవరి 1 నుంచి అమ్మే బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో మన పిల్లలకు కుట్టుకునే గుడ్డబొమ్మకు ఆ ముద్ర అక్కర్లేదు కానీ ఆ ప్రమాణం వెనకున్న బుద్ధి కావాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఊడివచ్చే ఏ భాగమూ 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టంలో పట్టేంత చిన్నది కాకూడదన్నది ఆ పరీక్ష. పసివాడి గొంతును దృష్టిలో పెట్టుకున్న కొలత అది. గుండీ కళ్లు ఎంత ముద్దుగా ఉన్నా ఆ గొట్టంలో ఇట్టే పడిపోతాయి. కాబట్టి కళ్లు, ముక్కు దారంతోనే కుట్టాలి. పూసలు, గజ్జెలు, పొడవాటి రిబ్బన్లు వద్దు. పక్క కుట్లు దగ్గరగా, రెండు వరసలు వేయాలి. ఇక లోపల కూరేది. కత్తిరింపు పీలికలు కూరితే బొమ్మ బరువెక్కుతుంది, ఉతికితే కోల్‌కతా ఆషాఢంలో నాలుగు రోజులకూ ఆరక లోపల బూజు పడుతుంది. బూరుగు దూది, అదే బెంగాలీల శిముల్ తులో, తేలికే, దిండ్లకు దాన్ని మించింది లేదు, కానీ తడిస్తే ఉండలు కడుతుంది. అందుకని దూదిని లోపల విడి సంచిలో పెట్టి, పైతొడుగు మాత్రం విప్పి ఉతికేలా కుట్టడం మంచిది.

ఇంత చేసినా మాల్‌లో దొరికే బొమ్మంత నునుపుగా రాదు కదా అంటారు. రాదు. పిల్లవాడికి ఆ నునుపుతో పని ఉందా అన్నదే అసలు ప్రశ్న. బ్రిటిష్ శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950ల తొలినాళ్లలో దీని మీదే రాశాడు. పసిపిల్లలు తల్లి దగ్గర లేని వేళల్లో గుండెకు హత్తుకునే వస్తువు తరచూ ఒక దుప్పటి కొసో, గుడ్డ ముక్కో, మెత్తటి బొమ్మో అయి ఉంటుందనీ, దాన్ని బిడ్డే ఎంచుకుంటుందనీ, దాని వాసన పోతే విలువ పోతుంది కాబట్టి తల్లులు ఉతకడానికి కూడా జంకుతారనీ ఆయన గమనించాడు. ఉతికేలా కుట్టండని పైన చెప్పిన నాకు ఈ మాట కొంచెం ఇబ్బందే. అమ్మ పాతచీరతో కుట్టిన కుందేలు ఈ పరీక్షలో ఏ దిగుమతి బొమ్మకూ తీసిపోదు. ఆ మాటకొస్తే ప్రపంచ ప్రఖ్యాత బొమ్మల కంపెనీ ఒకటి మొదలైంది కూడా ఇలాగే. జర్మనీలో గీంగెన్ అనే చిన్న ఊళ్లో, పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ కుట్టుపని మనిషి మార్గరెటె ష్టైఫ్, ఒక ఫ్యాషన్ పత్రికలో వచ్చిన నమూనా చూసి 1880 ప్రాంతంలో ఫెల్ట్ గుడ్డతో చిన్న ఏనుగును కుట్టింది, గుండుసూదులు గుచ్చుకునే దిండుగా. పిల్లలు దాన్ని లాక్కుని ఆడుకున్నారు. 1902లో టెడ్డీబేర్లు చేసిన కంపెనీ అదే.

ఇప్పుడు గట్టి అభ్యంతరం దగ్గరికి వద్దాం. ఇంటి కుట్టును పొగడటమంటే ఆడవాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టడమే కదా? తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదిది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. ఇంటి కుట్టు ఎలా దోపిడీ అవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, మన నరసాపురమే చాలు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టాలో వేలమంది స్త్రీల చేతుల మీదుగా విదేశీ మార్కెట్లకు చేరింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో చూపించింది ఏమిటంటే, రోజుకు ఆరేడు గంటలు అల్లినా వాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. ‘ఖాళీగా కూర్చున్న గృహిణులు’ అన్న ముసుగు కిందే కూలి అంత చవగ్గా దొరికింది. ‘ఇంట్లో ఊరికే కూర్చోకుండా కుట్టుకోవచ్చుగా’ అనే సలహా వినబడినప్పుడల్లా నరసాపురం గుర్తుకు రావాలి.

కానీ ఈ అభ్యంతరం కుట్టు మీద పెట్టాల్సింది కాదు, కుట్టును ఎవరి వాటాకు రాశామన్న దాని మీద పెట్టాల్సింది. డబ్బొచ్చే కుట్టు మగవాళ్లది, డబ్బు రాని కుట్టు ఆడవాళ్లది అన్న విభజన కళ్లముందే ఉంది. మెటియాబ్రుజ్ ఓస్తాగర్లు మగవాళ్లే. సాల్ట్ లేక్ మార్కెట్లో ‘జెంట్స్’ బోర్డే కాదు, ‘లేడీస్ టైలర్’ బోర్డు కింద కత్తెర పట్టుకుని నిలబడేదీ చాలాచోట్ల మగవాడే. అదే మగవాడి చొక్కాకు ఇంట్లో గుండీ ఊడితే సూది భార్య చేతికి వెళుతుంది. యంత్రాలంటే పడని గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చాడు. భార్య పడుతున్న చాకిరీ చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడన్న కథ ఆయనకు నచ్చింది. పలువురు స్త్రీలతో ఇరవైకి పైగా పిల్లల్ని కన్న ఐజాక్ సింగర్ అసలు జీవితం తెలిస్తే మహాత్ముడు ఏమనేవాడో గానీ, ఆ మినహాయింపులోని తర్కం మాత్రం బలమైనదే: మనిషి చేతిలో ఉండి, మనిషి శ్రమ తగ్గించే యంత్రం కావాలి. ఆ చేయి ఆడవాళ్లదే అయి ఉండాలని అందులో ఎక్కడా లేదు. తండ్రి భుజానికి తగ్గట్టు చొక్కా విప్పి కుట్టడం కొడుకుకు రావాల్సిన పనే.

దర్జీల పొట్ట కొడతారా అని ఇంకో ప్రశ్న. దర్జీల పొట్ట కొట్టింది రెడీమేడ్, ఇంటి మిషన్ కాదు. కుట్టు తెలిసిన ఇల్లే దర్జీ పనికి విలువ కట్టగలదు. చంక సరిగా అమర్చడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ‘ఇంత చిన్న జాకెట్టుకు ఇంత తీసుకుంటావా’ అనరు. పైగా పాత బట్టల సవరింపు, సైజు తగ్గించడం, జేబు పెట్టడం వంటివి చాలామంది దర్జీలు చిరాకుగానే ఒప్పుకుంటారు, గిట్టుబాటు కాదు కాబట్టి. ఇంటి కుట్టు తీసుకునేది ఆ మిగిలిపోయిన పనినే.

నిజంగా నన్ను ఆలోచింపజేసే ప్రశ్న పర్యావరణం పేరుతో జరిగే కొనుగోళ్లది. ముక్కల దుప్పటి కుట్టాలని ముచ్చటపడి, కొత్త నూలు గుడ్డను తానులకొద్దీ కొని, దాన్ని ముక్కలుగా కోసి, మళ్లీ అతికే అభిరుచి ఒకటి పట్టణాల్లో బయల్దేరింది. అందంగానే ఉంటుంది. కానీ బొంత తర్కాన్ని తలకిందులు చేసిన పని అది. చిరిగిన గుడ్డకు ఆయుష్షు పోయడానికి పుట్టిన పద్ధతితో, మంచి గుడ్డను చింపుతున్నారు. కొన్న గుడ్డంతా కుట్టేస్తారా అంటే అదీ లేదు, సగం అల్మరాలో ఉంటుంది. అభిరుచిని తప్పు పట్టను గానీ, దానికి ‘భూమికి మేలు’ అన్న అట్ట వేయొద్దంటాను. కొత్త గుడ్డ కొనాల్సివస్తే అది వేసుకునే బట్ట కోసమై ఉండాలి. అతుకులకు ఇంట్లో ఉన్నవి చాలు.

మరి నేర్చుకునేదెక్కడ? ఒకప్పుడు మన జిల్లా పరిషత్ బళ్లలో క్రాఫ్టు టీచరు ఉండేవారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసుతో సమాజోపయోగ ఉత్పాదక పని అనే పీరియడ్ కూడా వచ్చింది. క్రమంగా అది లెక్కల పీరియడైపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో టైలరింగ్, ఎంబ్రాయిడరీలకు లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయి, కానీ అవి ఉద్యోగం కోసం రాసేవి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీలకు 15 వేల రూపాయల పనిముట్ల సాయం ఇస్తుంది, అది వృత్తిలో ఉన్నవాళ్లకు. ఊరికే తన ఇంటికి పనికొచ్చేంత కుట్టు నేర్చుకోవాలనుకునే ఇంజనీరుకూ రిటైరైన గుమాస్తాకూ చోటు లేదు. మిషన్లు లేకా అంటే అదీ కాదు. 1930ల్లో కలకత్తాలో పుట్టిన ఉషా మిషన్ తెలుగింటి సారెలో కూడా వెళ్లింది. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో టీవీ స్టాండుగా, ఇస్త్రీ బట్టల బల్లగా బతుకుతోంది. అవి తయారైన ప్రిన్స్ అన్వర్ షా రోడ్డు ఫ్యాక్టరీ స్థలంలో ఇవాళ సౌత్ సిటీ మాల్ ఉంది, లోపల అంతస్తులకు అంతస్తులు రెడీమేడ్ దుకాణాలు.

నేర్చుకునే చోటుకు ఒక నమూనా ఉంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే జర్నలిస్టు ‘రిపేర్ కెఫె’ మొదలుపెట్టింది. పాడైన వస్తువు తీసుకొస్తే తెలిసినవాళ్లు పక్కన కూర్చుని, మన చేతే బాగు చేయిస్తారు. అది చాలా దేశాలకు పాకింది. సాల్ట్ లేక్‌కు ఇది కొత్తగా కట్టుకోవాల్సిన ఏర్పాటు కాదు. ఊరిని బ్లాకులుగా గీసినప్పుడే బ్లాకుకో మార్కెట్టు, పార్కు, కమ్యూనిటీ హాలు అనే అలవాటు పడింది. పెళ్లిళ్లూ పూజలూ లేని మధ్యాహ్నాలు ఆ హాళ్లకు తాళాలే. రెండు తొక్కుడు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, కోతకు సరిపడా ఒక పెద్ద బల్ల పెట్టి, మార్కెట్లో ఉన్న దర్జీనే వారానికి రెండు పూటలు గురువుగా పిలిచి, ఆయనకు జీతం ఇవ్వాలి. సేవ పేరుతో ఉచితంగా చేయించుకోకూడదు. రుసుము నేర్చుకునేవాళ్లే కట్టుకోవచ్చు. సెక్టార్ ఫైవ్ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగు పిల్లలకూ వీలు కావాలంటే ఆ రెండింటిలో ఒక పూట ఆదివారం పెట్టాలి. మొదటి పాఠంగా జాకెట్టు పెట్టొద్దు. ఎవరి ఇంట్లో ఉన్న పాత చొక్కా వాళ్లు తెచ్చుకుని, పక్క కుట్టు విప్పి, జేబు అతికించుకుని వెళితే చాలు.